కూర్చుంటే పోయే నొప్పి

చెయ్యి చాపమన్నారు, చాపింది. అరచెయ్యి పైకి తిప్పమన్నారు, తిప్పింది. కదలొద్దన్నారు, అక్కడే వచ్చింది చిక్కంతా. బుద్ధెరిగాక ఆమెను కదలొద్దన్నవాడెవడూ సుఖపడలేదు. కుట్టుమిషను ముందు కాళ్ళూ చేతులూ ఆడించి బతికిన మనిషిని చల్లటి బల్ల మీద వెల్లకిలా పడేసి, మెడదాకా ఆకుపచ్చ గుడ్డ కప్పి, బొమ్మలా ఉండమంటే ఎట్లా ఉంటుంది? ఉంది. ఉండక చస్తుందా, ఛీ, ఆ మాట ఇవాళ అనుకోకూడదు, పొద్దున గౌను తొడిగేటప్పుడు 'చలికి చస్తున్నానే పిల్లా' అంటే నర్సు నోటిమీద వేలేసి 'అమ్మా, ఈ గదిలో ఆ మాటొక్కటీ వాడకండి, డాక్టరుగారికి పట్టింపు' అంది. ఇన్ని కోసేవాడికి పట్టింపేమిటో. మణికట్టు దగ్గర సూది గుచ్చారు, మొద్దుబారింది, ఆ మొద్దులోంచి సన్నటి తీగేదో లోపలికి పాకుతోంది, ఎక్కడిదాకా వెళ్ళిందో తెలియదు, మోచెయ్యి దాటిందా, చంక దాటిందా, తన ఒంట్లో తనకు తెలియని సందులు ఇన్ని ఉన్నాయా. తల కొంచెం వాలిస్తే డాక్టరు భుజం కనిపిస్తోంది. మెడ నుంచి మోకాళ్ళదాకా సీసం కూరిన బరువైన కోటు, భుజం కుట్టు విడిపోతోంది దానికి, అంత బరువు గుడ్డకి ఒంటి కుట్టు వేస్తాడా ఎవడైనా, రెండు వరసలు వేసి లోపల పట్టీ పెట్టొద్దూ? ఆ మనిషి తన గుండె సంగతి చూస్తున్నాడు, తను ఆ మనిషి కోటు సంగతి చూస్తోంది. సరిపోయింది.

కాగితాల మీద మొగుడు సంతకం పెడుతున్నప్పుడు డాక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒకచోటే నాళం సన్నబడి ఉంటే ఇప్పుడే, ఇక్కడే, ఈ చేతిలోంచే సర్దేస్తాను. నాలుగుచోట్ల ఉంటే ఛాతీ తెరవాలి, నెలల తరబడి పని మానాలి, పైగా గుండె కండ ఎంత దెబ్బతిందో చూడాలి. అసలేమీ లేకపోతే నొప్పి గుండెది కాదు, భుజానిదే, ఇంటికెళ్ళి మాత్ర వేసుకోండి. ఏమీ లేకపోవాలని మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఎవరైనా అదే కోరుకుంటారు. ఆమె మాత్రం ఆ మూడోమాటకే వణికింది. గుండె బాగుండి నొప్పి భుజానిదే అయితే, తను అరిచి తెచ్చుకున్న వీపున్న కుర్చీ ఓడిపోయినట్టే. కుర్చీ ఓడిపోతే తన కుట్టు అంతస్తులో ఉన్న ఆడవాళ్ళంతా మళ్ళీ వీపులేని స్టూళ్ళమీదికి పోవాలి. ఇదేం పిచ్చి అని ఎవరైనా అడగొచ్చు. పిచ్చే. ఏళ్ళ తరబడి నోరెత్తి అరిచి అరిచి ఒక్కటి గెలిచినవాళ్ళకి ఆ ఒక్కటి మీద ఎంత పిచ్చి ఉంటుందో, అన్నీ అడక్కుండానే దొరికినవాళ్ళకేం తెలుసు.

భుజం నొప్పి అక్కడ ఎవరికి లేదు? చలికోట్లు కుట్టే అంతస్తది, ముందుకు వంగి, బరువు గుడ్డని ఎడమ చేత్తో లాగి పట్టుకుని పొద్దుగూకులూ కుట్టాలి, కూర్చోడానికి వీపులేని స్టూలు. ఆ నొప్పికి మిషను నొప్పి అని పేరు. కొత్తగా చేరిన పిల్లని 'ఇంకా రాలేదా, వస్తుందిలే' అని అడిగేవాళ్ళు, కొత్త పెళ్ళికూతురిని నెల తప్పిందా అని అడిగినట్టు. ఒక్క బామ్ సీసా వరసలన్నీ తిరిగేది, అంతస్తంతా ఆ ఘాటు, బయట బస్సెక్కితే పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. అప్పుడే కదా ఒక పొద్దున తనూ, జిప్పూ కలిసి స్టూళ్ళన్నీ మోసుకెళ్ళి మెట్లకి అడ్డంగా పేర్చేసింది. జిప్పు అంటే జిప్పులు బిగించే మనిషి, చెల్లెలి లెక్క, కోటుకి జిప్పేస్తుంది గానీ తన నోటికి వేసుకోలేదు. 'నిలబడి కుట్టలేం, వాటిమీద కూర్చోలేం, మీరే చెప్పండి ఎట్లా కుట్టమంటారో' అని కిందికి అరిచారు. మేనేజరు ఆ స్టూళ్ళ గుట్ట ఎక్కలేక మలుపు దగ్గరే నిలబడి వాచీ చూసుకున్నాడు. ఎదటివాడు నోరు తెరిస్తే చాలు వాచీ చూసుకుంటాడు, అందుకే ఆయన గడియారం అయ్యాడు. తను కత్తెర అయింది, ఎవరి మాటనైనా మధ్యలో తెంపేస్తుంది కనక.

గడియారం దిగొచ్చి ఒకే ఒక్క కుర్చీ పంపించాడు, వీపు ఉన్నది, ఎత్తు మార్చుకునేది. ఎవరైనా కూర్చుని తేడా చెప్పండి, తేడా ఉంటే చూద్దాం అన్నాడు. నువ్వే కూర్చో కత్తెరక్కా, నీకే నొప్పెక్కువ అన్నారు అందరూ. నిజమే, ఎక్కువే. ఆ రోజు కత్తిరించిన గుడ్డల కట్ట భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కింది, పైకి వచ్చేసరికి ఎడమ భుజంలో మొదలై మెడలోంచి దవడదాకా ఎవరో తాడేసి లాగుతున్నట్టు. కుర్చీలో కూలబడింది. గడియారం చూస్తుండగా, అందరూ చూస్తుండగా, ఆ తాడు వదులైంది, కొంచెం, ఇంకొంచెం, పూర్తిగా. 'పోయింది' అంది. అబద్ధమాడలేదు, పోయింది కనకే పోయిందంది. జిప్పు ఈల వేసింది. ఆ ఒక్క మాటతో అంతస్తంతటికీ కుర్చీలొచ్చాయి. నిజంగానే అందరి భుజాలూ తేలికపడ్డాయి, బామ్ సీసా అడుగున గట్టిపడిపోయింది. తనకి మాత్రం మెట్లెక్కితే వచ్చేది, కూర్చుంటే పోయేది. చూశారా కుర్చీ మహిమ, అని ఎంతమందికి చెప్పిందో. దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పింది. ఏ స్టూలు మీద కూర్చున్నా పోయేదేమో, మెట్టు మీద కూలబడినా పోయేదేమో, ఆ ముక్క ఎప్పుడైనా తట్టిందా? గెలిచినవాళ్ళకి తట్టదు.

'అమ్మా, రంగు మందు వదులుతున్నారు, ఇప్పుడు ఒంట్లో వెచ్చగా అనిపిస్తుంది, భయపడకండి' అంటోంది నర్సు. వెచ్చగానా, అమ్మో, పక్క తడిపేశానా ఏమిటి అనుకునేంత వేడి, గొంతు నుంచి తొడలదాకా జారి ఆరిపోయింది. నెత్తిమీద పెద్ద యంత్రం గుమ్మంలా వంగి అటూ ఇటూ తొంగిచూస్తోంది. తెర మీద ఏదో నల్లగా విచ్చుకుంది, కొమ్మలు, రెమ్మలు, అన్నీ ఒక్కసారి ఎగిరి ఒక్కసారి అణుగుతున్నాయి. అది నేనా? అది నువ్వే. ఇన్నాళ్ళూ చీకట్లో ఒక్కపూట సెలవడగకుండా, కుర్చీ కూడా అడగకుండా పనిచేస్తున్నది అదే. డాక్టరు ఏమీ అనడం లేదు. అనవయ్యా ఏదో ఒకటి. మౌనంగా ఉండే డాక్టరు కంటే తిట్టే డాక్టరు నయం.

ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చునే ఉంది. కాలరు తిప్పుతోంది, అంతే, బరువెత్తలేదు, మెట్లెక్కలేదు, ఎవరితో తగువు కూడా పెట్టుకోలేదు. వచ్చింది. భుజం, మెడ, దవడ, అదే తాడు. కూర్చుని ఉండగా వచ్చింది! ఒళ్ళంతా చెమట. ఎవరైనా అయితే నా పని అయిపోయింది అనుకుంటారు. కుర్చీ పని అయిపోయింది అనుకుంది తను. కుర్చీలు దింపిన రోజు గడియారం అన్న మాట చెవిలో గంట కొట్టింది: 'ఈ కోట్ల పని ముగిసేలోపు భుజం నొప్పని ఒక్కరన్నా మళ్ళీ నోరెత్తారా, కుర్చీలు గోదాములోకే.' ఒక్కరన్నా. ఆ ఒక్కరు తనే అయితే? కూర్చోగానే పోయిందని సాక్ష్యం చెప్పిన నోటితోనే, కూర్చుంటే వస్తోందని చెప్పాలా? పళ్ళు బిగించి కాలరు తిప్పింది, వంకరపోయింది. ఏమైందే అక్కా అంటే దారం తెగింది అంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దారం తెగింది. గడియారం వరసల మధ్య నడుస్తూ ఆగి, 'ఏమ్మా కత్తెరా, ఎలా ఉంది కుర్చీ?' అన్నాడు. దవడ పట్టేసి మాట పెగలక, కళ్ళు పెద్దవి చేసి, 'సింహాసనంలా ఉంది' అంది. ఆ మాట బయటికి రావడానికి ఎంత బలం పట్టిందో ఆమెకే తెలుసు. దేనికోసం పోతున్నానో తెలియకుండా పోయేదాన్ని కదా ఆ పూట, నాలుగు కాళ్ళ కొయ్య పరువు కోసం.

దొరికిపోయింది మొగుడి దగ్గర. రొట్టెల బట్టీలో పనిచేసే మనిషి, తెల్లారకముందే లేస్తాడు, మొహం కడుక్కుంటూ దవడ పట్టుకు నిలబడ్డ పెళ్ళాన్ని చూశాడు. 'పన్ను పుచ్చింది. ఎన్నాళ్ళనుంచి దాస్తున్నావు?' అన్నాడు. సరే, పన్నే అనుకో, పంటి సాకు కుర్చీకి మంచిదే కదా అని వెళ్ళింది. ఆ పళ్ళ డాక్టరమ్మ అద్దం పెట్టి, తట్టి, ఊది, పళ్ళు ఇనప గుగ్గిళ్ళు నమిలేట్టున్నాయమ్మా అని, చేతిలో పనిముట్టు పక్కన పెట్టి, 'ఈ నొప్పి ఎప్పుడెప్పుడొస్తుంది?' అంది. ఎప్పుడు! ఎక్కడా ఎక్కడా అనే అడిగారు ఇన్నాళ్ళూ అందరూ, బామ్ రాసేవాళ్ళూ, పట్టీ వేసేవాళ్ళూ, ఆఖరికి తను కూడా. ఎప్పుడని అడిగిన మొదటి మనిషి ఆమె. మెట్లెక్కితే అంది, కట్ట మోస్తే అంది, గడియారంతో తగువు పడితే అంది, కూర్చుంటే పోతుంది అంది, మళ్ళీ ఆగి, ఈమధ్య కూర్చున్నా వస్తోంది అంది. లోకంలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. పళ్ళ డాక్టరమ్మ అప్పటికప్పుడు గుండె డాక్టరుకి చీటీ రాసింది. ఇంటికి కూడా పోనివ్వకుండా ఇటు పంపించింది.

గుండె డాక్టరు మొగుడికి ఏదో గొట్టంలో మురికి పట్టినట్టు చెప్పబోయి, ఈమె పనేమిటో కనుక్కుని ఆగాడు. 'అయితే మీకు తేలిగ్గా చెప్పొచ్చు. కోటుకి బయట గుడ్డ ఉంటుంది, లోపల లైనింగుంటుంది. రక్తం పోయే నాళానికీ అంతే. కొవ్వు లోపలి దారిలో కూర్చోదమ్మా, లైనింగు కిందికి దూరుతుంది' అన్నాడు. లైనింగు కిందికా! ఇక ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎన్ని పాత కోట్లు విప్పింది, లైనింగు అరిగిన చోట దూది జారి ముద్దలు కట్టి కూర్చోవడం ఎన్నిసార్లు చూసింది. రక్తపు పోటు, పొగ, చక్కెర, ఇవి లైనింగుని గీకుతాయట. గీకుడు పడ్డచోట కొవ్వు దూరుతుందట. దాన్ని తినెయ్యడానికి ఒంటి కాపలావాళ్ళు లోపలికి పోతారట, తిని తిని ఉబ్బి అక్కడే చస్తారట, ఆ శవాలూ కొవ్వూ కలిసి ముద్ద, ఆ ముద్దమీద పొర. ఇదంతా పడుచు వయసు నుంచే మొదలవుతుందట, చాలా ఏళ్ళు నాళం బయటికి ఉబ్బి చోటిస్తుందట, అందుకే ఏమీ తెలియదట. చోటిచ్చి చోటిచ్చి ఇక ఇవ్వలేనప్పుడు దారి సన్నబడుతుంది. కూర్చున్న గుండెకి ఆ రక్తం చాలు, మెట్లెక్కే గుండెకి చాలదు, ఆకలేస్తుంది, అరుస్తుంది. కుర్చీ మహిమ అదీ! కూర్చుంటే గుండె అడిగేది తగ్గుతుంది, అంతే. మరి కూర్చున్నా ఎందుకొచ్చింది అంటే డాక్టరు మొహం మారింది. పొర చిట్లి ఉంటుందన్నాడు. చిట్లితే రక్తం ఏం చేస్తుంది, దానికి తెలిసిన పని చేస్తుంది, చిరుగు కనపడితే అతుకు వేస్తుంది. పాపం మంచికే వేస్తుంది, ఆ అతుకే దారి మూసేస్తుంది. సగం మూస్తే ఇప్పుడున్నట్టు. మొత్తం మూస్తే ఆ వెనకున్న కండ చచ్చిపోతుంది. ఎక్కడా మాట తప్పించలేదాయన, అందుకు నచ్చాడు.

ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయారా అని కూడా అడిగాడు. లేదండీ అంది. లేదని ఎందుకంది? నాన్న? నాన్న సరుకు రవాణా గోదాములో మూటలు మోసేవాడు. ఎడమ భుజం రుద్దుకుంటూ అన్నం తినేవాడు. మోసే భుజం కదా, నొప్పి పుట్టదా మరి అనేది అమ్మ. మూట దించి, గోడకి ఆనుకుని కూర్చుని, కాసేపటికి నవ్వి, 'పోయింది, ఇంకోటి ఎత్తండిరా' అనేవాడట. ఒకరోజు కూర్చున్నా పోలేదు. బరువుకి పోయాడన్నారు. తలరాత అన్నారు. కష్టపెట్టకుండా పోయాడు, అదృష్టవంతుడు అని కూడా అన్నారు, ఆ అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను! నలభై దాటిన ఏడో ఎనిమిదో ఏళ్ళకి పోయినవాడు అదృష్టవంతుడా? ఒక్కడు, ఒక్కడు ఆయన్ని ఎప్పుడొస్తుందని అడిగి ఉంటే. మోసేవాడికి మోసే నొప్పి, కుట్టేవాళ్ళకి కుట్టే నొప్పి. పనిచేసేవాళ్ళ ఒంట్లో నొప్పి పుడితే పనిమీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం ఎంత సుళువు. నెట్టింది పైవాళ్ళే అయితే తిట్టొచ్చు. మనమూ నెట్టాం నాన్నా. చిట్టచివరికి నేనూ నెట్టాను. కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకుందామంటే కదలొద్దన్నారు.

'నొప్పిగా ఉందా అమ్మా?' నర్సు దూదితో తుడుస్తోంది.

'లేదే. మా నాన్న గుర్తొచ్చాడు. డాక్టరుగారూ, మీ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పాను, మా నాన్న ఇట్లాగే పోయాడు.'

ఆయన తల తిప్పలేదు గానీ గొంతు మెత్తబడింది. 'అలాగా. మీరు పోరులెండి. ఇటు చూడండి, తెర మీద. ఆ నడుం కనపడుతోందా?'

కనపడింది. లావుపాటి కొమ్మ ఒకటి దిగుతూ దిగుతూ ఒక్కచోట బెల్టు బిగించినట్టు సన్నబడి, మళ్ళీ విడివడి పోతోంది. దారమంత సందు. ఆ సందులోంచేనా ఇన్నాళ్ళూ మూడంతస్తులెక్కింది, ఇంత అరిచింది, సింహాసనంలా ఉందంది? 'ఇదొక్కటేనా?' 'సర్దాల్సింది ఇదొక్కటే. మిగతాచోట్ల గరుకుంది, దానికి మాత్రలున్నాయి. కండ బాగానే కొట్టుకుంటోంది. చెయ్యమంటారా?' చెయ్యొద్దంటానా, ఏం మనిషివయ్యా, అనబోయి తలూపింది. ఛాతీ తెరవక్కర్లేదు. 

'బుడగ ఊదుతాను. ఊదినంతసేపు రక్తం ఆగుతుంది కనక నొప్పి రావచ్చు. వస్తే ఎలాంటిదో చెప్పండి' అన్నాడు. ఏం తెలియలేదు ముందు. తర్వాత మొదలైంది. భుజం. మెడ. దవడ. పాత తాడే, పాత చేతులే లాగుతున్నాయి, అదే ముడి, అదే మంట, అంగుళం తేడా లేదు, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, మిషను లేదు, కట్ట లేదు, మెట్లు లేవు, వీపు కింద కుర్చీ లేదు, భుజం ఎవరూ ముట్టుకోలేదు, అంత దూరాన ఒక మనిషి చేతిలో తిప్పుడుబిళ్ళ తిప్పితే వచ్చింది. నువ్వా! నువ్వే కదా ఇన్నేళ్ళూ! దొంగ ముండాకొడకా, భుజం వేషం వేసుకుని తిరిగావు కదూ! 'ఇదే' అంది, అరిచింది, 'ఇదేనండీ, ఇదే, ఇదే!' నొప్పితో మొహం ముడుచుకుపోతుంటే నోరు మాత్రం నవ్వుతోంది, నర్సు హడలిపోయి మొహంలోకి వంగింది, ఈవిడకి మతి పోయిందా అన్నట్టు. డాక్టరు గాలి తీశాడు. తాడు వదులైంది. భుజం నుంచి, దవడ నుంచి, ఎవరో ఇన్నాళ్ళ తర్వాత వంగి ముడి విప్పినట్టు. మళ్ళీ ఒక్కసారి అన్నాడు, జల్లెడలాంటి తీగ గొట్టం అక్కడ పరిచి మళ్ళీ ఊదాడు, మళ్ళీ వచ్చింది, ఈసారి చుట్టాన్ని చూసినట్టు చూసింది దాన్ని, వచ్చావా, ఉండు, పోతావు. పోయింది. తెర మీద ఆ నడుం లేదు. నల్లటి రక్తం ఆ చివరిదాకా, చిగుళ్ళదాకా, గేటెత్తిన కాలవలాగా పరిగెత్తింది.

'బాగుంది' అన్నాడు డాక్టరు. 'కానీ ఒక్కచోట సర్దామంతే, లైనింగు పాతదే. మాత్ర ఒక్కపూట మానారా, మళ్ళీ ఇక్కడే కలుస్తాం.'

'మానను. మీ భుజం దగ్గర కుట్టు పోతోంది, రెండు వరసలు వేయించండి' అంది.

బయట మంచం మీద పడుకోబెట్టగానే మొగుడొచ్చాడు, చెవుల మీద ఇంకా పిండి తెల్లగా ఉంది, మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాడు. 'ఏడవకయ్యా, గుండెదే, గుండెదే' అంది ఓదారుస్తూ. గుండె జబ్బని తేలితే ఇంత మురిసిపోయే ఆడదాన్ని ఆయనెక్కడా చూసి ఉండడు, ఏడుపు మధ్యలోనే బిత్తరపోయాడు. వెనకే జిప్పు, సొంత చెల్లెల్నని చెప్పి లోపలికి దూరింది.

'ఎంత భయపెట్టావే కత్తెరక్కా! నువ్వు లేకపోతే గడియారంతో నేను మాట్లాడాల్సొచ్చేది. నాకు అసలే మాటలు రావు.'

'నీకా? ఆయన వాచీ ఆగిపోయేది.' నవ్వు వచ్చింది, భయంభయంగా నవ్వింది, ఏమీ కాలేదు, ఇంకా నవ్వింది. 'రేపు ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పు. నొప్పి ఉందని, దాచిపెట్టానని, అది గుండెదని. కుర్చీది తప్పులేదని. కావాలంటే డాక్టరుగారిని అడగమను.'

'చెప్తా. అడిగితే మళ్ళీ స్టూళ్ళు మెట్లకడ్డం వేస్తానని కూడా చెప్తా.' జిప్పు అంతలోనే ఆగింది. ఆమె ఆగడం ఎవరూ ఎరగరు. 'అక్కా, మరి కాజాలు కుట్టే అత్త... రెండో అంతస్తు మలుపులో రోజూ ఆగుతుంది. చెప్పు సర్దుకుంటున్నా అంటుంది. ఆమె చెప్పులకి పట్టీలే లేవే.'

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మొగుడు కళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

'రేపే తీసుకురా.'

'రాదు. మొండిది. నాకేం, రాయిలా ఉన్నానంటుంది. రాకపోతే?'

ఆమె దిండు మీద తల సర్దుకుంది. ఊపిరి తీసింది, అడుగుదాకా పోయి, ఏమీ తగలకుండా తిరిగొచ్చింది.

'రాకపోతే నేనే వస్తానని చెప్పు. మూడంతస్తులూ ఎక్కి.'